దీపం కింది వాషరు

“అత్తా, ఈ దీపం కింద ఇత్తడి వాషరొకటి ఉన్నాది, తీసుకోనా?” అని, విప్పిన బండికి వాషరు వెతుకుతూ దేవుడి గదిలోకి వెళ్ళిన దివ్య కేకేసింది.

“ముట్టుకోకు!” అన్నాను. అంత గట్టిగా ఆ పిల్లతో నేనెప్పుడూ మాట్లాడి ఎరగను. చేతుల నిండా గ్రీజుతో గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. “ఏటయింది అత్తా? వాషరే కదా,” అంది మెల్లగా. నిజమే, వాషరే. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, మధ్యలో బొటనవేలు దూరేంత చిల్లు. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి కుందికి అడుగున ఒక పక్క సొట్ట ఉంది. ఆ సొట్ట కింద నలభై ఏళ్ళకు పైగా అది ఒదిగి కూర్చుంది. దాని వల్లే మా ఇంటి దీపం కదలకుండా నిలబడుతుంది. ఈ మాట ఆ పిల్లకి నేనెన్నడూ చెప్పలేదు. చెప్పనిది నా తప్పు కాబట్టి గొంతు తగ్గించి, “కూర్చో, చెప్తాను. ముందు చేతులు తుడుచుకో,” అన్నాను.

దివ్య మా తమ్ముడి కూతురు. రోలుగుంటలో పిల్లలకి లెక్కలు చెబుతుంది. నర్సీపట్నంలో నా దగ్గరే ఉంటూ రోజూ మోటారు సైకిలు మీద వెళ్ళొస్తుంది. మలుపుల్లో వెనక చక్రం పక్కకి ఊగుతోందని వారం రోజులుగా అంటోంది. ఆ ఆదివారం పొద్దున్నే బండిని వసారా ముందు స్టాండు వేసి, ఫోనుని పూలకుండీకి ఆనించి, అందులో ఎవరో చెబుతున్న వరసలో విప్పుకుంటూ పోయింది. చైను వచ్చింది, చక్రం వచ్చింది, బ్రేకు కడ్డీ, స్ప్రింగుల కింది బోల్టులూ వచ్చాయి. ఇక మిగిలింది స్వింగ్ ఆర్మ్. వెనక చక్రాన్ని చెరో పక్కా పట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా చక్రంతో పాటు లేచి పడే రెండు కొమ్ముల ఇనప చట్రం అది. దాన్ని బండికి తగిలించి ఉంచేది ఒకే ఒక్క పొడవాటి బోల్టు. ఆ బోల్టు తుప్పుతో బిగుసుకుపోయింది. దివ్య సుత్తి ఎత్తి దాని మొన మీద సూటిగా కొట్టబోతుంటే, గుమ్మం పక్క కుర్చీలో బెండకాయలు తరుక్కుంటున్న నేను ఉండబట్టలేకపోయాను. “ఆగవే, మరలు సెడిపోతాయి. మిషను కోసం దాచిన కిరసనాయిలు ఉన్నాది, అది పోసి నాననీ. అటక మీద ఖాకీ సంచి దింపు,” అన్నాను.

అప్పుడు ఆ పిల్ల నన్ను చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కుట్టు మిషనూ దేవుడి గదీ తప్ప వేరే లోకం ఎరగదనుకున్న అత్త నోట మరల మాట వచ్చేసరికి, ఫోనులో మాట్లాడుతున్న మనిషి నోరు నొక్కేసి మరీ నా వైపు తిరిగింది. సంచి దింపి, దుమ్ము దులిపి, నా ఒళ్ళో పెట్టింది. సంచికి నాన్న తన చేత్తో కుట్టిన జేబులున్నాయి. ఒక్కో జేబులో ఒక్కో పానా. రెండు పక్కలా నోళ్ళున్న పానాలు ఆరు. బోల్టు తల చుట్టూ గాజులా పట్టే రింగు పానా ఒకటి. బోల్టుని నొప్పి తగలకుండా వెనక నుంచి తోసే ఇత్తడి కడ్డీ. చింత చెక్కతో చేసిన సుత్తి. అన్నిటికంటే అడుగున, నూనె గుడ్డలో చుట్టి, ఏ దుకాణంలోనూ దొరకని పనిముట్టొకటి. జానెడు బోల్టు, రెండు నట్లు, ఒక గొట్టం ముక్క, ఒక మందపాటి బిళ్ళ. స్వింగ్ ఆర్మ్‌లో అరిగిపోయిన బుష్షులని, అంటే ఆ పొడుగు బోల్టు ఇమిడే చిన్న గొట్టాలని, ఒక్క సుత్తి దెబ్బ లేకుండా బయటికి లాగడానికి నాన్న చేసుకున్నది. దివ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఫోన్లో ఆయన దీన్నే కొనమంటన్నాడు అత్తా. తాతయ్య ఎప్పుడో సేసీసుకున్నాడు!” అంది. నాన్నని ఈ పిల్ల చూడలేదు. అయినా ఆ మాట వినడానికి ఆయన ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాడని నా నమ్మకం.

కిరసనాయిలు బోల్టు మీద పడి, తుప్పులోకి ఇంకి, ఆ వాసన వసారా అంతా అలుముకుంది. కళ్ళు మూసుకున్నాను. ఈ వాసన చాలామందికి పొయ్యినో లాంతరునో గుర్తు చేస్తుంది. నాకు బడి గుర్తొస్తుంది. నేను చదువుకున్న బడి మా పెంకుటింటి వాకిలి. పేడ నీళ్ళు చల్లి అలికిన నేల, ఒక పక్క కరివేపాకు చెట్టు, దాని నీడలో నాన్న మోటారు సైకిలు. అమ్మ కూర్చునే పీట బండి ఇంజను కింద ఉండేది. “నాకు పీటుండదు, బండికి మాత్రం పీట కావాల. ఇంటికి పెద్ద కోడలు అదే మరి,” అని అమ్మ రోజూ ఎత్తిపొడిచేది. నాన్న నవ్వేవాడే గానీ పీట తీసేవాడు కాదు. పని మొదలెట్టే ముందు చేతి గడియారం విప్పి నా మణికట్టుకి తొడిగేవాడు. అది మోచేతి దాకా జారిపోయేది. ఆ తర్వాత తన పాత తెల్ల పంచె నా ముందు పరిచేవాడు. విప్పిన ప్రతి నట్టూ, ప్రతి వాషరూ ఏ వరసలో వచ్చిందో ఆ వరసలో పంచె మీద పెట్టడం నా ఉద్యోగం. బిగించేటప్పుడు ఆ చివర నుంచి ఈ చివరికి అందించుకుంటూ రావాలి. వాన వెలిసిన మట్టి వాసన, కిరసనాయిలు వాసన, నాన్న చొక్కాలోంచి ఆసుపత్రి మందునీళ్ళ వాసన, లోపల అమ్మ వేయిస్తున్న జీడిపప్పు వాసన. ఈ నాలుగూ కలిస్తే నా చదువు.

నాకు ఏడాదిన్నర వయసులో ఒక జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఎడమ కాలిలోని బలాన్ని తీసుకుపోయింది. పోలియో చుక్కలు మా దాకా అప్పటికి రాలేదు. బడి దూరం, ఎత్తుకెళ్ళే తీరిక ఎవరికీ లేదు, అందుకని నా చదువు ఇంట్లోనే సాగింది. అక్షరాలు అమ్మ బియ్యప్పళ్ళెంలో దిద్దించింది. అంకెలు నాన్న పానాల మీద నేర్పాడు. ఉక్కులోకి దిగిన అంకెలు వేలితో తడిమితే తెలుస్తాయి. నా కళ్ళు మూయించి, పానా చేతిలో పెట్టి, “అమ్మలూ, ఎంత?” అనేవాడు. “పద్నాలుగు.” “రెండో పక్క?” “పదిహేను.” పానాలు పదితో మొదలవుతాయి కాబట్టి నాకు ఒకటీ రెండూ రాకముందే పదీ పదకొండూ వచ్చాయి. పెద్ద పానాకి ఒక పక్క ఇరవై, ఇంకో పక్క ఇరవై రెండు. అందుచేత ఇరవై ఒకటి అనే అంకె లోకంలో ఉందని చాలాకాలం నాకు తెలియదు. “ఇరవై, ఇరవై రెండు” అని లెక్కపెడితే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. “నీ కూతురు మెడిసిని సదవదు గానీ షెడ్డు పెడతాది,” అనేది నాన్నతో. ఎక్కాలూ అంతే. “ఆరు పానాలు, పానాకి రెండు నోళ్ళు. ఎన్ని నోళ్ళు?” “పన్నెండు.” “మరి పన్నెండు నోళ్ళకి అన్నం ఎవలు పెడతారు?” “అమ్మ!” అప్పుడు లోపల్నించి అమ్మ, “ఉన్న మూడు నోళ్ళకే సాలటం లేదు,” అనేది. తమ్ముడు ఇంకా పుట్టలేదు.

నాన్న ఆసుపత్రిలో చిన్న ఉద్యోగి. కొండ ఊళ్ళకి టీకాలూ చుక్కలూ మోసుకెళ్ళే పని మొదలైనప్పుడు, ఎవరూ ముందుకు రాకపోతే అడిగి మరీ అందులోకి వెళ్ళాడట. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కొయ్యూరు దాటి లోపల ఒక సంత ఉండేది. కొండల మీది ఊళ్ళవాళ్ళు చింతపండు, అడ్డాకులు, తేనె దింపుకుని వారానికోసారి అక్కడికి వచ్చేవాళ్ళు. తల్లులంతా ఒకచోట దొరికేది ఆ ఒక్క రోజే. ఐసు డబ్బా వెనక కట్టుకుని, మంచు కరిగేలోగా నాన్న అక్కడికి చేరాలి. దారి పొడుగునా వాగులు. ఆ బురదా ఇసుకా బుష్షుల్లోకి దూరి వాటిని తినేసేవి. ఏటా వానలు వెనక పట్టగానే స్వింగ్ ఆర్మ్ విప్పి, కొత్త బుష్షులు వేసి, బోల్టుకి గ్రీజు పూసి బిగిస్తే గానీ ఆ బండి మలుపుల్లో మాట వినేది కాదు. చివరలో ఆ పొడుగు బోల్టు లోపలికి దూర్చాక, చెక్క సుత్తితో ఆఖరి దెబ్బ నాచేత కొట్టించేవాడు. “నువ్వు కొడితే ఏడాది దాకా కదలదు,” అనేవాడు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా అది నిజమనే నమ్మాను.

ఆ తొమ్మిదో ఏటి దసరా ముందు బోల్టు అసలు కదల్లేదు. మూడు రోజులు కిరసనాయిలు తాగించి, ఇత్తడి కడ్డీతో తోస్తే చివరికి ఏడుస్తూ ఏడుస్తూ వచ్చింది. పాత బుష్షులు లాగేశాడు. కొత్తవి ఊళ్ళో దొరకలేదు. అష్టమి నాడు బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, “అమ్మలూ, పంచె మీదవి జాగర్త,” అన్నాడు. ఏకాదశి నాడు సంత. నవమి మధ్యాహ్నానికి తిరిగొస్తే, దశమి నాడు బిగించుకుని ఏకాదశి తెల్లవారగానే బయల్దేరొచ్చని ఆయన లెక్క.

నవమి నాడు ఆయుధపూజ. అమ్మకి ఆ ఏడాది ఇంకో పని కూడా ఉంది. బలిఘట్టం గుడిలో నా కాలు కోసం మొక్కుకుంది. నవమి పొద్దున్న వెలిగించిన దీపం ఏకాదశి పొద్దుటి దాకా ఆరకుండా, ఉన్న చోటి నుంచి కదపకుండా చూసుకుంటే అమ్మవారు నా కాలికి బలం ఇస్తుందని. నాకూ చెప్పింది. చెప్పినప్పుడు నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని నువ్వుల నూనె రాస్తూ ఉంది. బడికి పరుగెత్తే పిల్లల అడుగుల చప్పుడు రోజూ వాకిట్లో కూర్చుని వినేదాన్ని కదా, ఆ చప్పుడులో నాది కూడా కలిసినట్టు అప్పుడే వినిపించేసింది నాకు. అంత భక్తి నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదేమో.

ఆ భక్తిలోనే నేను చేయకూడని తప్పు చేశాను. అమ్మ పానాలు కడిగి పసుపూ బొట్టూ పెడుతుంటే, నట్లూ వాషర్లూ మాత్రం ఏం పాపం చేశాయి అనిపించింది. పంచె మీదున్నవన్నీ ఇత్తడి పళ్ళెంలోకి ఎత్తేశాను. చింతపండూ బూడిదా పెట్టి ఒక్కొక్కటీ తోమాను. తళతళలాడాయి. దేవుడి ముందు అమ్మ వేసిన పద్మం ముగ్గు మీద, రేకు రేకుకీ ఒక నట్టు, మధ్యలో వాషర్లు, చుట్టూ బంతి రెబ్బలు పేర్చాను. అన్నిటికీ బొట్లు పెట్టాను. అమ్మ చూసి మురిసిపోయింది. “ఓలమ్మో, అమ్మవారికి వడ్డాణం సేసినావేటే!” అంది. అప్పుడు దీపం పెట్టబోతే కుంది అడుగున సొట్ట వల్ల ఊగింది. అమ్మ నూనె తేవడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు, కదలకూడని దీపం కదా అని, వాషర్లలోంచి సరిపోయేది ఒకటి తీసి సొట్ట కింద దూర్చాను. కుంది బండరాయిలా నిలబడింది. అమ్మ వచ్చి, నూనె పోసి, వెలిగించింది. వాషరు సంగతి అమ్మ చూడలేదు, నేను చెప్పలేదు.

నాన్న మధ్యాహ్నం వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి లోపలికి వచ్చి, ముగ్గు చూశాడు. వెనక్కి తిరిగి వాకిట్లో ఖాళీ పంచె చూశాడు. మళ్ళీ ముగ్గు చూశాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది, వరస పోయిందని. ఏ వాషరు బోల్టుకి ఏ పక్కది, ఏది లోపలిది, ఏది బయటిది, అంతా పద్మంలో కలిసిపోయింది. “బాగున్నాదే అమ్మలూ,” అన్నాడు. ఆ మాటే నాకు తిట్టు కంటే గట్టిగా తగిలింది. పూజలో కూర్చున్న పనిముట్లని దశమి నాటి హారతి అయ్యేదాకా ముట్టకూడదు. అందుకని ఆ రోజంతా నాన్న ఏమీ చేయలేక వసారాలో అటూ ఇటూ తిరిగాడు.

దశమి పొద్దున్న హారతిచ్చి అమ్మ ముగ్గు మీది నట్లనీ పానాలనీ కాస్త కాస్త కదిపింది. దీపాన్ని మాత్రం చెయ్యెత్తి చూపించి, “దాని జోలికి మాత్రం ఎవలూ ఎల్లకండి,” అంది. నాన్న పంచె మళ్ళీ పరిచాడు. ముగ్గు మీదివన్నీ పళ్ళెంలోకి ఎత్తి నా ముందు పెట్టాడు. “కలిపినది నువ్వే, ఇడదీయాల్సినదీ నువ్వే. కళ్ళు మూసుకో. వేలు సెప్తాది,” అన్నాడు. ఆయన కొత్త బుష్షులు బిగించుకుంటుంటే నేను ఒక్కొక్కటే తడిమాను. రెండు ఇనుములు ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి రాసుకుంటే వాటి ముఖాల మీద ఒకే గుర్తు పడుతుంది. ఒకదాని గుంట ఇంకోదాని గట్టులో సరిగ్గా కూర్చుంటుంది. అలా జోడు కుదిరినవి పక్కపక్కన పెట్టుకుంటూ వచ్చాను. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వరస అంతా తిరిగొచ్చింది. నాన్న ఒక్కొక్కటీ చూసి తలూపాడు. ఎడమ పక్క, బండికీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య ఉండాల్సిన ఇత్తడి వాషరు దగ్గర ఆయన వేలు ఆగింది. అక్కడ పంచె ఖాళీగా ఉంది.

అది ఎక్కడుందో నాకు తెలుసు. పొద్దున్నే తెలుసు. తెలిసే ఆ ఖాళీ వదిలాను. నాన్న వాకిలంతా వెతికాడు. వంటింట్లోంచి జల్లెడ తెచ్చి ఇసుక జల్లించడం మొదలెట్టాడు. “ఏటండీ, నా పిండి జల్లెడా! రేపు ఇసక గారెలు తింటారేటి?” అని అమ్మ మొత్తుకుంది. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు మోకాళ్ళ మీద తల పెట్టుకుని, గుమ్మంలోంచి కనిపిస్తున్న దీపం వైపే చూస్తూ కూర్చున్నాను. చెబితే దీపం కదులుతుంది. కదిలితే కాలు రాదు. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్లకి తెలియనిదాన్ని పక్కన పెట్టడం తేలిక.

చివరికి నాన్న జల్లెడ కింద పెట్టేశాడు. “పోన్లే. డబ్బా రేకు కత్తిరించి రెండు పొరలేసి కూసోబెడతాను,” అన్నాడు.

“సాల్తాదా?” అంది అమ్మ.

నాన్న డబ్బా రేకు చేతిలోకి తీసుకున్నాడు. రేకు ముక్కని గోటితో గీశాడు. “కొండ ఎక్కినప్పుడు సాల్తాది. దిగినప్పుడు సూడాల.”

“అయితే ఈ ఒక్క సంతకీ మానీండి. వచ్చే వారం ఎల్లండి.”

“పోయినేడు బండి సైను తెగి ఒక్క సంతకే కదే ఎల్లలేదు. పొద్దుగూకేదాకా పిల్లల్ని సంకనేసుకుని కూకున్నారట. ఆ తరవాత సగం మంది రాలేదు. ఇప్పుడిప్పుడే మళ్ళీ వస్తన్నారు. రేపు మూడో సుక్క పడాల్సిన పిల్లలున్నారు.” అంతవరకు మామూలుగానే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, “మన గుంటకి పడ్డాయేటి ఆ సుక్కలు?” అన్నాడు.

నా వైపు చూడలేదు. అమ్మా చూడలేదు. ఇద్దరూ నా కాలి వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుస్తోంది. ఆ నిమిషంలో నాకు ఎప్పుడూ చూడని ఆ సంత కనిపించింది. చింతపండు బుట్టల పక్కన, తల్లుల సంకల్లో, నాలాంటి పిల్లలు. “అమ్మా,” అన్నాను, “అది దీపం కింద ఉన్నాది.”

అమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టలేదు. నాన్న లేచి, “వద్దొద్దు, రేకు సాల్తాదిలే,” అన్నాడు. ఆయనకీ తెలుసు ఆ మొక్కు ఎవరిదో. అమ్మ ఆయన మాట వినిపించుకోలేదు. లోపలికి వెళ్ళి, తల మీద చెంగు కప్పుకుని, దీపం ముందు కూర్చుంది. పెదవులు కదిలాయి గానీ ఏమందో వినపడలేదు. తర్వాత రెండు చేతులతో, నన్ను ఉయ్యాల్లోంచి ఎత్తుకున్నప్పుడు ఎలా ఎత్తుకునేదో అలా, ఆ కుందిని పైకెత్తింది. “తియ్యి, బేగి,” అంది. నేను దేక్కుంటూ వెళ్ళి వాషరు లాగాను. వేడిగా ఉంది. అమ్మ కుందిని కిందికి దించుతుంటే ఆ సొట్ట మీద అది ఒరిగింది. నూనె పొంగి వత్తి మునిగింది. ఒక్క చిన్న చప్పుడు, తర్వాత పొగ. నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. నా చేతిలోంచి వాషరు తీసుకుని, చెంగుతో నూనె తుడిచి, వాకిట్లోకి వెళ్ళి నాన్న చేతిలో పెట్టింది. “బిగించండి. దీపం మళ్ళీ ఎలిగించుకుంటాను,” అంది. వెలిగించుకుంది కూడా. దాని కింద తన వేలి మెట్టె ఒకటి తీసి దూర్చింది. ఆ సాయంత్రం బోల్టు మీద ఆఖరి దెబ్బ నేనే కొట్టాను. ఒక్క దెబ్బకి పోలేదు, రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది.

ఇదంతా వింటూ దివ్య ఎప్పుడు నేల మీద చతికిలబడిందో నేను చూడలేదు. దాని ముందు, ఒక పాత దుప్పటి మీద, దాని నట్లూ వాషర్లూ వరసగా ఉన్నాయి. నేను చెప్పలేదు, అదే పెట్టుకుంది. ఇప్పుడన్నీ సులువు. ఏ పానా కావాలో ఫోను చెబుతుంది. పెట్టె తెరిస్తే అన్ని సైజులూ మెరుస్తూ దొరుకుతాయి, ఇరవై ఒకటితో సహా. కొయ్యూరు దారిలో తారు రోడ్డు పడింది, వాగుల మీద వంతెనలొచ్చాయి. చుక్కలు వేసే అమ్మాయిలు స్కూటర్ల మీద వెళ్తున్నారు. అప్పుడే బాగుండేదని నేను ఎలా అనగలను? నా తరవాతి పిల్లల్లో నాలాంటి కాలు నాకు ఎక్కడా కనపడలేదు. గుడిలో ప్రదక్షిణ చేసే పిల్లల్ని చూస్తూ కూర్చున్నప్పుడు నా నోటికి వేరే స్తోత్రం రాదు, వాళ్ళ కాళ్ళే చూస్తుంటాను. కాకపోతే ఒక్కటి. ఆ తెల్ల పంచె పరిచి, నా వేళ్ళని నమ్మి, పొద్దంతా ఆగిన మనిషి ఏ పెట్టెలోనూ దొరకడు. నాకు అలాంటి మనిషి దొరికాడు కాబట్టి, దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నా రుణం తీరదు.

“ఆ వాషరు మరి ఎనక్కి ఎలా వచ్చింది?” అంది దివ్య.

“మరుసటేడు మళ్ళీ బండి విప్పినప్పుడు కొత్తది వేసి, పాతది కడిగి తెచ్చి మీ మామ్మకిచ్చాడు. ‘నీ దీపానికి పీట’ అన్నాడు. మెట్టె కాలికి పెట్టుకుని, వాషరు కిందెట్టింది. నాన్న మాటకి నవ్వింది గూడాను.”

దివ్య ఒక పానా అందుకుంది. పానా నోట్లో వేలు పెట్టి తిప్పుతూ, “అడగొచ్చో లేదో. దీపం ఆరిపోబట్టే నీ కాలు బాగవలేదని మామ్మ ఎప్పుడూ అనుకోలేదా అత్తా?” అంది.

అడగొచ్చు. నేనే చాలా ఏళ్ళు అనుకున్నాను. అమ్మ అనుకుందో లేదో చెప్పడానికి నా దగ్గర ఒక్క సాయంత్రం ఉంది. ఏకాదశి నాటి సాయంత్రం. నాన్న కొండల్లోంచి దిగి వచ్చి, బండి కరివేపాకు చెట్టు కింద పెట్టాడు. చక్రం ఊగలేదని అమ్మతో చెప్పాడు. కొండ తల్లులు ఇచ్చిన సీతాఫలాల మూట నా పక్కన దింపి, గడియారం విప్పి నా చేతికి తొడిగి, గుమ్మంలో కూలబడ్డాడు. ఒళ్ళంతా ఎర్ర దుమ్ము. అమ్మ వంటింటి గడప అవతల గిన్నెలు తోముతోంది. పొద్దుటి నుంచి నేను ఆ గుమ్మం దగ్గరే, దీపానికి వీపు పెట్టి కూర్చున్నాను. నాన్న నా తల మీద చెయ్యి వేసి, రోజూ లెక్క అడిగే గొంతుతోనే అడిగాడు.

“అమ్మలూ, ఈయేళ సంతలో ముప్పై ఒక్కమంది పిల్లలకి సుక్కలేశాను. ఎన్ని కాళ్ళు?”

వేళ్ళ మీద వేసుకున్నాను. ఇరవై తర్వాత ఇరవై ఒకటి ఉంటుందని అప్పటికి నేర్చుకున్నాను. “అరవై రెండు,” అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ తడి చేతులతోనే గడప దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది.

“ఎంతన్నావే?” అంది, ఈసారి నా కాలి నుంచి చూపు తిప్పుకోకుండా. “ఇంకోపాలి సెప్పు.”

“అరవై రెండమ్మా,” అన్నాను.